గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభమేనా?



జూన్ నెల వస్తే మన పర్చూరు ప్రాంతంలో ఖర్చులన్నీ ఒకేసారి మీదపడతాయి. పొలాల్లో దుక్కులు మొదలవుతాయి. విత్తనాల షాపులు, ఎరువుల షాపులు సరుకు దింపుకోవాలి. కిరాణా షాపుకు అరువులు పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు. వ్యాపారం చేసే ఇంట్లో ఆ డబ్బు చాలాసార్లు గల్లాపెట్టెలోంచే తీస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ డబ్బు లాభంలోంచి తీస్తున్నామా, లేక రేపు సరుకు కొనాల్సిన అసలులోంచి తీస్తున్నామా?

ఈ నెల నేను రాస్తున్నది ఈ ప్రశ్న గురించే. ఏడు, ఎనిమిది తరగతులకు నేను గణితం చెబుతాను. ‘ప్రాఫిట్ అండ్ లాస్’ పాఠం మొదలైన రోజు నుంచి షాపులున్న ఇళ్ల పిల్లలు అడిగేది ఒక్కటే: “ఎంత పర్సెంట్ వస్తే మంచి లాభం?” పది శాతమా, ఇరవై శాతమా అని ఒక్క అంకె చెప్పమంటారు. అలాంటి అంకె లేదు. అయితే మన వ్యాపారం ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకునే లెక్క మాత్రం ఉంది. దానికి ఏడో తరగతి గణితం సరిపోతుంది.

పుస్తకం లెక్క, షాపు లెక్క

ముందుగా పిల్లల నోటుబుక్కులోని శాతానికీ, వ్యాపారంలో చెప్పే మార్జిన్‌కూ ఉన్న తేడా చూద్దాం. పుస్తకంలో లాభశాతాన్ని కొన్న ధర మీద లెక్క కడతారు. 100 రూపాయలకు కొని 125కు అమ్మితే లాభం 25 శాతం. వ్యాపారంలో మార్జిన్‌ను అమ్మిన ధర మీద కడతారు. అదే 25 రూపాయలను 125తో భాగిస్తే వచ్చేది 20 శాతమే. రెండూ సరైన లెక్కలే. కానీ ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే చేతిలో లేని డబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

మందుల షాపును చూడండి. ధరల నియంత్రణ కింద ఉన్న మందులకు 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రిటైల్ షాపుకు ఇచ్చే మార్జిన్ 16 శాతం. ఇది షాపువాళ్లు కొనే ధర మీద లెక్క. అంటే 100కు కొన్న మందును, పన్ను పక్కన పెడితే, 116కు అమ్ముతారు. అమ్మకం మీద చూస్తే 16ను 116తో భాగించాలి. అది 14 శాతం కూడా రాదు. నెలకు లక్ష రూపాయల అలాంటి మందులు అమ్మితే మిగిలేది 16 వేలు కాదు, సుమారు 13,800. షాపు అద్దె, కరెంటు, ఫార్మసిస్టు జీతం అన్నీ ఇందులోంచే రావాలి.

ఇక నుంచి ఈ వ్యాసంలో మార్జిన్ అంటే అమ్మకం మీద లెక్క అని గుర్తుంచుకోండి. వంద రూపాయలు గల్లాలో పడితే అందులో మనది ఎంత అన్నదే ఆ మాటకు అర్థం.

ఒక కిరాణా షాపు నెల లెక్క

ఇప్పుడు ఒక షాపును ఊహించుకుందాం. ఇవి ఎవరి షాపు లెక్కలూ కావు, ఉదాహరణకు వేసుకున్న అంకెలు. మెయిన్ రోడ్డు మీద భార్యాభర్తలిద్దరూ కలిసి నడిపే కిరాణా షాపు. నెలకు 3,00,000 రూపాయల అమ్మకం. ఆ సరుకు కొన్న ఖరీదు 2,61,000. మిగిలింది 39,000, అంటే 13 శాతం. దీన్ని స్థూల లాభం అంటారు. చాలామంది ఇక్కడే ఆగి “నెలకు నలభై వేలు మిగులుతున్నాయి” అంటారు.

ఇప్పుడు ఖర్చులు రాద్దాం.

షాపు అద్దె – 6,000
కరెంటు – 2,500
పనికుర్రాడి జీతం – 9,000
ఆటో కిరాయి, ముఠా కూలి – 2,500
కవర్లు, ఫోను, చిల్లర ఖర్చులు – 1,000
ఎలుకలు కొట్టినవి, తేదీ దాటినవి, తూకంలో తరుగు – 2,000

మొత్తం 23,000. ఇది తీసేస్తే 16,000 మిగిలింది. అమ్మకంలో 5 శాతం పైచిలుకు. ఇంతవరకూ లెక్క కట్టేవాళ్లు కొందరు ఉంటారు. కానీ ఇంకా రెండు ఖర్చులు మిగిలాయి. వాటికి బిల్లు రాదు కాబట్టి అవి ఎవరి లెక్కలోకీ రావు.

మొదటిది మీ శ్రమ. ఉదయం ఆరింటికి షట్టరు ఎత్తి రాత్రి తొమ్మిదిన్నరకు దించే మనిషికి జీతం లేదా? అదే పని చేయడానికి బయటి మనిషిని పెడితే నెలకు కనీసం 12,000 ఇవ్వాలి అనుకుందాం. అది తీస్తే 4,000 మిగిలింది. ఇంట్లో ఇద్దరూ పనిచేస్తున్నా ఇక్కడ ఒక్కరి జీతమే వేశాం. మధ్యాహ్నమంతా కౌంటర్లో కూర్చునే అమ్మ పనికి విలువ కడితే ఆ నాలుగు వేలు కూడా ఉండవు.

రెండోది మీ డబ్బుకు వడ్డీ. షాపులో 4,00,000 రూపాయల సరుకు ఉందనుకుందాం. అదే డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేసి 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 28,000, నెలకు సుమారు 2,333. దీన్నీ తీసేస్తే చివరికి మిగిలింది దాదాపు 1,667 రూపాయలు. మూడు లక్షల అమ్మకంలో అర శాతం పైన కొంచెం.

షాపు సొంతమైతే అద్దె లేదు కదా అనుకోకండి. ఆ గదిని ఇంకొకరికి ఇస్తే వచ్చే అద్దెను మీరు వదులుకుంటున్నారు. దాన్ని కూడా లెక్కలో వేయాలి. లేకపోతే షాపు సంపాదించినట్టు కనిపించేది నిజానికి గోడలు సంపాదించింది అవుతుంది.

మరి ఈ షాపు నష్టంలో ఉన్నట్టా? కాదు. ఆ కుటుంబానికి అది నెలకు 16,000 తెస్తోంది. అందులో ఎక్కువ భాగం వాళ్ల కష్టానికి జీతం, కొంత వాళ్ల డబ్బుకు వడ్డీ, లాభం అనదగింది చాలా కొద్ది. జీతం వస్తే చిన్నతనమేమీ కాదు. కానీ దాన్ని లాభం అనుకుని దాని మీద అప్పు చేసి రెండో షాపు తెరిస్తే, ఆ రెండో షాపులో కూర్చోవడానికి ఈ ఇద్దరూ ఉండరు. జీతగాణ్ని పెట్టగానే ఆ లాభం మాయమవుతుంది.

ఇంకో సంగతి. ఆ ఇంటి ఖర్చు నెలకు 25,000 అనుకోండి. వచ్చేది 16,000. మిగతా 9,000 ఎక్కడి నుంచి వస్తోంది? సరుకు కొనే డబ్బులోంచి. ఏడాదికి 1,08,000. నాలుగు లక్షల సరుకులో నాలుగో వంతు పైగా. గల్లాలో రోజూ పదివేలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఈ కోత వెంటనే తెలియదు. మొదట అరల్లో వెనక వరుస ఖాళీ అవుతుంది. తర్వాత హోల్‌సేల్ వాళ్ల దగ్గర బాకీ పెరుగుతుంది. ఆ తర్వాత వాళ్లు నగదుకే సరుకు ఇస్తామంటారు. అప్పటికి వ్యాపారం జబ్బుపడి రెండేళ్లు అయి ఉంటుంది.

పెద్ద షాపులకు ఎంత మిగులుతుంది?

పెద్ద కంపెనీలు విపరీతంగా లాభాలు తీస్తాయని మనం అనుకుంటాం. డీమార్ట్ షాపులు నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ కంపెనీ 2023–24లో సుమారు 50,800 కోట్ల రూపాయల అమ్మకం చేసింది. నికర లాభం సుమారు 2,536 కోట్లు. అంటే వంద రూపాయల అమ్మకానికి 5 రూపాయలు. కిరాణా సరుకుల వ్యాపారం ఎక్కడైనా ఇంతే, వందకు మిగిలేది కొద్ది, అమ్మేది చాలా.

మన ఊహా షాపుకు కూడా 5 శాతం పైనే వచ్చింది కదా, అది డీమార్ట్‌తో సమానమా? కాదు. డీమార్ట్ 5 శాతం అనేది మేనేజరు నుంచి సెక్యూరిటీ వరకు అందరి జీతాలూ, అద్దెలూ, వడ్డీలూ, పన్నూ పోగా మిగిలింది. మన షాపు 5 శాతం యజమాని జీతం తీయకముందుది. అందుకే ఏ రెండు మార్జిన్లనైనా పోల్చేముందు “ఏ ఖర్చులు పోగా?” అని అడగాలి. పిల్లలకు క్లాసులో చెప్పినట్టే, హారాలు సమానం కాకుండా భిన్నాలను కలపకూడదు.

ఇంకో అంకె కూడా చాలామంది నోట వింటాం, 8 శాతం. ఇది ఆదాయపు పన్ను నుంచి వచ్చింది. పుస్తకాలు వివరంగా రాయలేని చిన్న వ్యాపారులు అమ్మకంలో 8 శాతం తమ లాభంగా చూపించి పన్ను లెక్క కట్టుకోవచ్చని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ చెప్పింది. యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకానికి అది 6 శాతం. కమీషన్ వ్యాపారానికి ఈ సౌకర్యం వర్తించదు. ఇది పన్ను కట్టడానికి అనుకున్న అంకె మాత్రమే. 8 శాతం వస్తే ఆరోగ్యం, రాకపోతే జబ్బు అని దానికి అర్థం కాదు.

మార్జిన్ ఒక్కటే చాలదు, డబ్బు తిరగాలి

బట్టల షాపు మార్జిన్ ఎక్కువ, కిరాణా మార్జిన్ తక్కువ అని అందరికీ తెలుసు. అయితే బట్టల షాపే మంచిదా? మళ్లీ ఉదాహరణ అంకెలు వేద్దాం.

బట్టల షాపులో 10 లక్షల సరుకు ఉంది. ఏడాదికి 20 లక్షల అమ్మకం. స్థూల మార్జిన్ 35 శాతం. అంటే 7 లక్షలు. సరుకులో పెట్టిన ప్రతి రూపాయికి ఏడాదిలో 70 పైసలు.

మన కిరాణా షాపులో 4 లక్షల సరుకు ఉంది. ఏడాదికి 36 లక్షల అమ్మకం. మార్జిన్ 13 శాతం. అంటే 4,68,000. ప్రతి రూపాయికి ఏడాదిలో 1 రూపాయి 17 పైసలు.

మార్జిన్ మూడో వంతు ఉన్న షాపులో రూపాయి ఎక్కువ పనిచేసింది. కారణం, ఆ రూపాయి ఎక్కువసార్లు తిరిగింది. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవాళ్ల బలం కూడా ఇదే. పొద్దున పెట్టిన డబ్బు సాయంత్రానికి తిరిగి వస్తుంది. బట్టల షాపులో పోయిన దసరాకు తెచ్చిన చీర ఈ దసరాకు కూడా అరలోనే ఉంటే, దాని మీద రాసిన 35 శాతం కాగితం మీదే ఉంటుంది. చివరికి సగం ధరకు అమ్మాల్సి వస్తుంది.

కాబట్టి మార్జిన్ ఎంత అని అడిగిన వెంటనే, సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతోంది అని కూడా అడగండి. నెమ్మదిగా తిరిగే సరుకుకు మార్జిన్ ఎక్కువ ఉండి తీరాలి. తక్కువ మార్జిన్ ఉండి, నెమ్మదిగా కూడా తిరిగితే అది ప్రమాదం.

అరువు మార్జిన్‌ను ఎలా తింటుంది?

మన నల్లరేగడి నేలల్లో వ్యాపారమంతా పంటతో ముడిపడి ఉంది. పత్తి తీతలు మొదలయ్యే దాకా, మిర్చి కోతలు అయ్యే దాకా రైతు చేతిలో డబ్బు ఉండదు. ఖాతా రాయకుండా ఇక్కడ షాపు నడపడం కష్టం. కానీ ఆ ఖాతా ఖరీదు ఎంతో తెలుసుకోవాలి.

యూరియా బస్తాను తీసుకుందాం. 45 కిలోల బస్తా గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. డీలరు మార్జిన్‌ను కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అది టన్నుకు 354 రూపాయలు. టన్నుకు 22 బస్తాలు చొప్పున లెక్కేస్తే బస్తాకు సుమారు 16 రూపాయలు, అంటే 6 శాతం. ఇప్పుడు ఆ డీలరు నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చి సరుకు దింపి, అరువుకు ఇచ్చాడనుకోండి. మూడు నెలల్లో వడ్డీ బస్తాకు 15 రూపాయలు దాటుతుంది. మార్జిన్ అక్కడే అయిపోయింది. నాలుగో నెల నుంచి ఆ బస్తా అమ్మినందుకు ఆయనే ఎదురు కట్టుకుంటున్నాడు. మిగతా సరుకు మీద వచ్చే లాభంతో దీన్ని పూడ్చుకోవాలి.

నూటికి రెండు రూపాయలు అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది 24 శాతం. మీ వ్యాపారం నికరంగా ఎంత తెస్తోందో తెలియకుండా ఈ వడ్డీకి డబ్బు తేవద్దు.

ఇక రాని బాకీ సంగతి. 13 శాతం మార్జిన్ ఉన్న షాపులో 1,000 రూపాయల ఖాతా మునిగిపోతే, మన చేతి నుంచి పోయింది ఆ సరుకు ఖరీదు 870. దాన్ని తిరిగి సంపాదించాలంటే దాదాపు 6,700 రూపాయల సరుకు కొత్తగా అమ్మాలి. అది కూడా అద్దె, కరెంటు లెక్కలోకి తీసుకోకుండా.

డిస్కౌంటు కూడా ఇంతే. పక్క షాపు తగ్గించిందని మీరూ 100 రూపాయల వస్తువును 95కు ఇచ్చారనుకోండి. 13 రూపాయలు మిగలాల్సిన చోట 8 మిగిలింది. ముందున్న లాభమే రావాలంటే 100 వస్తువులు అమ్మేచోట 163 వస్తువులు అమ్మాలి. 5 శాతం తగ్గింపుకు అమ్మకం 60 శాతం పైగా పెరగాలన్నమాట. ఈ లెక్కను ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించండి, ఐదు నిమిషాల్లో చేసి చూపిస్తారు.

మిర్చి, పత్తి వ్యాపారం వేరు

మన ప్రాంతంలో కొన్ని వ్యాపారాలకు పైన చెప్పిన నెల లెక్క సరిపోదు. మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాళ్లను చూడండి. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో బాగా పడిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ధరగా ప్రకటించాల్సి వచ్చింది. ధర పెరిగిన ఏడాది 30 శాతం మిగిలిందని చెప్పుకోవడం, పడిపోయిన ఏడాది తలపట్టుకోవడం రెండూ లెక్క కాదు. ఇలాంటి వ్యాపారానికి కనీసం నాలుగైదేళ్ల లాభనష్టాలు కలిపి సగటు చూడాలి. స్టోరేజీ అద్దె, బస్తాల్లో తరుగు, బ్యాంకు వడ్డీ ప్రతి ఏడాదీ తీయాలి. మంచి ఏడాది వచ్చిన డబ్బులో కొంత చెడ్డ ఏడాదికి దాచి ఉంచాలి. దాన్ని ఇంటి స్లాబుకో, కారుకో పెట్టేస్తే చెడ్డ ఏడాది అప్పుతోనే గడుస్తుంది.

పత్తి జిన్నింగుది ఇంకో దారి. క్వింటా పత్తిలో దూది 33 నుంచి 35 కిలోలు వస్తుంది, మిగతాది ఎక్కువగా గింజ. క్వింటా 7,500కు కొన్న పత్తిలో ఒక్క కిలో దూది తగ్గిందనుకోండి. దూది కిలో 150, గింజ కిలో 35 అనుకుంటే 115 రూపాయల తేడా, అంటే కొన్న ధరలో ఒకటిన్నర శాతం. మిల్లు నికర మార్జిన్ రెండు మూడు శాతమే అయితే సగం లాభం ఆ ఒక్క కిలోలో పోయినట్టే. ఇక్కడ ఆరోగ్యాన్ని నిర్ణయించేది ధర కంటే తూకం, తేమ, దూది శాతం.

కమీషన్ వ్యాపారంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. కోటి రూపాయల సరుకు చేతి మీదుగా వెళ్లినా అది మన అమ్మకం కాదు, రైతు సొమ్ము. మన అమ్మకం కమీషన్ ఒక్కటే. లాభశాతం కట్టాల్సింది దాని మీద.

ఇలా వ్యాపారానికో తీరు ఉంటుంది కాబట్టి టిఫిన్ సెంటర్ మార్జిన్ చూసి ఎరువుల షాపు బాధపడకూడదు. మీ షాపును పోల్చాల్సింది అదే రకం షాపుతో, అంతకంటే ముఖ్యంగా పోయిన ఏడాది మీ షాపుతోనే.

ఆరోగ్యానికి నాలుగు పరీక్షలు

ఒక్క అంకె లేదన్నాను. దాని బదులు ఈ నాలుగు ప్రశ్నలకు ‘అవును’ అని చెప్పగలిగితే మీ మార్జిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఒకటి. షాపులో పనిచేసే ఇంటివాళ్లందరికీ న్యాయమైన జీతం, సొంత గదికి అద్దె, సొంత డబ్బుకు వడ్డీ వేసుకున్నాక కూడా ఏడాది చివర ఏదైనా మిగులుతోందా?

రెండు. ఈ రోజు ఖాళీ అయిన అరను పెరిగిన ధరకు మళ్లీ నింపగలరా? పాత ధరకు కొన్న నూనె డబ్బాను పాత లాభంతో అమ్మేస్తే, కొత్త డబ్బా కొనేటప్పుడు ఆ లాభం కూడా చాలదు.

మూడు. వానలు లేక పంట పోయిన ఏడాది మూడు నెలలు ఖాతాలు రాకపోయినా, కొత్త అప్పు చేయకుండా అద్దె, జీతాలు, ఇంటి ఖర్చు గడుస్తాయా?

నాలుగు. మీరు ఇంటికి తీసుకునే డబ్బు, ఖర్చులు పోగా షాపు తెచ్చే డబ్బు కంటే తక్కువగా ఉందా?

మొదటి ప్రశ్నకు ‘కాదు’ అని వచ్చినా కంగారుపడాల్సిన పని లేదు. చాలా చిన్న షాపులకు అలాగే వస్తుంది. మీరు మీకు ఉద్యోగం కల్పించుకున్నారని దాని అర్థం. నాలుగో ప్రశ్నకు ‘కాదు’ అని వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. అక్కడ కరిగిపోతున్నది అసలు.

తక్కువ మార్జిన్‌ను సరిచేయాలంటే ధర పెంచడం ఒక్కటే మార్గం కాదు. తిరగని సరుకు తగ్గించడం, తేదీ దగ్గరపడే వాటిని ముందుకు సర్దడం, ఖాతాకు ఒక పరిమితి పెట్టడం, నగదుకు కొంటే హోల్‌సేల్‌లో తగ్గింపు అడగడం, ఇవన్నీ కూడా మార్జిన్‌నే పెంచుతాయి. నెలకు 2,000 ఉన్న తరుగు సగానికి తగ్గినా, పైన లెక్కించిన షాపుకు నెలకు 1,667 మిగిలేచోట 2,667 వచ్చేవి.

ఈ నెల ఇంట్లో చేయండి

ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. మీ అబ్బాయి లేదా అమ్మాయి ఏడో తరగతి దాటితే రాసే పని వాళ్లకే ఇవ్వండి. రోజుకు మూడు అంకెలు చాలు: ఈ రోజు అమ్మకం ఎంత, సరుకుకు కట్టింది ఎంత, ఇంటికి తీసింది ఎంత. నగదు, యూపీఐ రెండూ కలపాలి. అరువు ఇచ్చింది పక్కన వేరే రాయాలి. జీఎస్టీ కడుతున్నవాళ్లు కస్టమర్ నుంచి వసూలు చేసిన పన్నును అమ్మకంలో కలపకూడదు, అది ప్రభుత్వానిది. నెలాఖరున షాపులో ఉన్న సరుకు విలువ కట్టి, నెల మొదట్లో ఉన్నదానితో పోల్చండి. ఆ తేడా తెలియకుండా లాభం తెలియదు. ఒక్క నెలతో తీర్పు ఇవ్వకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ఊరికి ఉన్న కళ ఆగస్టులో ఉండదు. పన్నెండు నెలలూ కలిపితేనే నిజం తెలుస్తుంది.

ఫీజు డబ్బును జూన్‌లో ఒక్కసారిగా గల్లాలోంచి తీయకుండా రోజువారీగా పక్కన పెట్టండి. ఏడాదికి 36,000 అయితే రోజుకు 100 రూపాయలు. వేరే ఖాతాలోనో, పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లోనో వేస్తే జూన్‌లో సరుకు డబ్బు జోలికి వెళ్లాల్సిన అవసరం రాదు. రోజుకు 100 కూడా పక్కన పెట్టలేకపోతే, మీ మార్జిన్ గురించి అదే మీకు చాలా చెబుతుంది. ఆ సంగతి మే నెలలో కంటే ఇప్పుడే తెలియడం మంచిది.

పిల్లల ముందు షాపు లెక్కలు మాట్లాడితే వాళ్ల మనసు చదువు మీద ఉండదేమో అని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. బాకీల గురించి గొడవలు వాళ్ల ముందు వద్దు, నిజమే. కానీ లెక్క వేరు. వంద రూపాయలు గల్లాలో పడితే అందులో మనవి ఐదే అని తెలిసిన పిల్లలు ఆ ఐదు రూపాయల్ని గౌరవిస్తారు. పుస్తకంలోని శాతాలు కూడా వాళ్లకు వేరే ఎవరూ చెప్పనంత బాగా అర్థమవుతాయి.

వచ్చే పేరెంట్స్ మీటింగుకు వచ్చేటప్పుడు, మీకు ఇష్టమైతే, ఆ నోటుబుక్కు తీసుకురండి. మీ అంకెలు ఎవరికీ చూపించక్కర్లేదు. లెక్క ఎక్కడైనా ఆగిపోతే మాత్రం అడగండి, మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కలిసి చేద్దాం.

– గణితం టీచర్, పర్చూరు బ్రాంచి